కొత్త సెట్ వచ్చింది సరే, డెక్‌లోంచి ఏది తీస్తారు?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒకటే, కొత్త ఎక్స్‌పాన్షన్ (కొత్త కార్డుల సెట్) దిగింది, కార్డులు అదిరిపోయాయి, గెలిచే డెక్ (ఆడటానికి ఎంచుకునే కార్డుల కట్ట) ఎలా కట్టాలి అని. ఆడే గేములు మాత్రం వేరువేరు, అందుకని మ్యాజిక్, పోకేమాన్, యుగియో ఈ మూడు కార్డ్ గేములకీ కలిపే చెప్తున్నా, ఏ ముక్క దేనికో అక్కడక్కడే రాశా.

ప్రశ్న: మ్యాజిక్ కొత్త సెట్‌లో ఒక పెద్ద క్రీచర్ (పోరాడే జీవి కార్డు) తెగ నచ్చేసింది. దాని చుట్టూ మొదట్నుంచీ కొత్త డెక్ కట్టాలా, ఉన్న డెక్‌లోనే దూర్చాలా? టోర్నమెంట్‌కి మూడు వారాలే ఉంది.

జవాబు: మూడు వారాలే ఉంటే ఉన్న డెక్‌తోనే వెళ్ళండి. అయితే మీరు అడగాల్సిన ప్రశ్న ఇది కాదు. ఆ కార్డు 4 కాపీలు పెడుతున్నారంటే డెక్‌లోని 60 కార్డుల్లోంచి వేరే 4 బయటకి పోవాలి కదా, ఆ 4 ఏవి? అసలు డెక్ కట్టడమంటే ఇదే, కానీ కొత్త సెట్ రాగానే అందరం లోపలికి వచ్చేదాన్నే చూస్తూ కూర్చుంటాం, బయటకి పోయేదాన్ని ఎవరూ పట్టించుకోరు. డెక్‌లో ప్రతి కార్డుకీ ఒక డ్యూటీ ఉంటుంది, కొన్ని మొదటి రెండు మూడు టర్న్‌లు ప్రాణం నిలబెడతాయి, కొన్ని ఎదుటివాడి కార్డుని చంపుతాయి, కొన్ని ఇంకో కార్డు లాగిస్తాయి, కొన్ని గేమ్ ముగిస్తాయి. మీకు నచ్చిన పెద్ద క్రీచర్ ముగించే రకం, అవి డెక్‌కి ఎక్కువ అక్కర్లేదు, కాబట్టి అది లోపలికి వస్తే ఇప్పుడున్న ముగించే కార్డే బయటకి పోవాలి. జనం చేసేది మాత్రం ఏంటంటే పాతది తీయడానికి మనసొప్పక, ఒక మానాకి రెండు మానాలకి (మానా అంటే కార్డు ఆడటానికి కట్టే ఖర్చు) చంపే చిన్న కార్డులు ఓ నాలుగు తీసేస్తారు, ఆ తర్వాత ఆ పెద్ద క్రీచర్ చేతిలో పట్టుకునే చచ్చిపోతారు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆ కార్డు మీరు ఆల్రెడీ గెలుస్తున్నప్పుడు మాత్రమే బాగుంటుందా, లేక ఓడిపోతున్నప్పుడు కూడా పనికొస్తుందా? మొదటి రకం కార్డులు చదవడానికి భలే ఉంటాయి, టేబుల్ మీద ఏడిపిస్తాయి.

డెక్ మొత్తం తిరగరాయాల్సినంత కార్డు అప్పుడప్పుడూ వస్తుంది, కాదనను, కానీ అది పెద్దగా, భయంకరంగా కనపడాలనేం లేదు. 2004 ఫిబ్రవరిలో డార్క్‌స్టీల్ సెట్‌లో వచ్చిన స్కల్‌క్లాంప్ చూడండి, ఒక మానా కార్డు, ఇంకో మానా కట్టి క్రీచర్‌కి తగిలిస్తే బలం ఒకటి పెరిగి ప్రాణం ఒకటి తగ్గుతుంది, అంతే కదా అనిపిస్తుంది. కానీ ఒకే ప్రాణం ఉన్న చిన్న క్రీచర్‌కి తగిలిస్తే అది అక్కడికక్కడే చస్తుంది, తగిలించిన క్రీచర్ చస్తే స్కల్‌క్లాంప్ ఇచ్చే రెండు కార్డులు మీకు వస్తాయి, అంటే ఒక మానాకి రెండు కార్డులు, మళ్ళీ మళ్ళీ. అదే ఏడాది జూన్‌లో స్టాండర్డ్‌లో (ఇటీవలి సెట్‌ల కార్డులతోనే ఆడే పద్ధతి) బ్యాన్ చేశారు. 2019 అక్టోబర్‌లో త్రోన్ ఆఫ్ ఎల్డ్రెయిన్‌తో వచ్చిన ఓకో అయితే నవంబర్‌కే స్టాండర్డ్‌లోంచి పోయింది, అది మూడు మానాల కార్డు. కొత్త సెట్ లిస్ట్ చదివేటప్పుడు తక్కువ ఖర్చు, పెద్దగా షరతుల్లేవు, కార్డులనో ఇంకేదో లాభాన్నో మళ్ళీ మళ్ళీ ఇస్తుంది, ఈ మూడూ ఒకే కార్డులో కలిసి కనపడితే అక్కడ ఆగండి. ఏడు మానాల డ్రాగన్ బొమ్మ ఎంత బాగున్నా ముందుకి తిప్పేయండి.

ప్రశ్న: మ్యాజిక్‌లో రెండు కార్డుల కాంబో ఒకటి కనిపెట్టా. రెండూ నాలుగేసి కాపీలు పెట్టా. కలిసి వస్తే గేమ్ అయిపోయినట్టే, కానీ కలిసి రావట్లేదు. షఫుల్ సరిగ్గా చెయ్యట్లేదా?

జవాబు: షఫుల్ బాగానే చేస్తున్నారు, లెక్కే అలా ఉంది. 60 కార్డుల డెక్‌లో ఒక కార్డు 4 కాపీలు ఉంటే మొదటి 7 కార్డుల చేతిలో కనీసం ఒకటి ఉండే అవకాశం సుమారు 40 శాతం. రెండు వేరువేరు కార్డులు, రెండూ కావాలంటే 14.5 శాతం దాకా పడిపోతుంది. ముందు ఆడేవాళ్ళైతే నాలుగో టర్న్‌కి 10 కార్డులు చూసుంటారు, అప్పటికి కూడా 26.5 శాతమే. అంటే నాలుగు గేముల్లో మూడింట్లో నాలుగో టర్న్‌కి మీ కాంబో లేదు, ఆ మూడు గేముల్లో మీ డెక్ ఏం చేస్తుంది? దానికి మీ దగ్గర జవాబు లేకపోతే అది డెక్ కాదు, అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న కథ.

దారులున్నాయి. ఒకటి, అదే పని చేసే ఇంకో కార్డు వెతకడం. రెండు వైపులా 4 బదులు 8 చొప్పున అయితే మొదటి చేతిలోనే రెండూ ఉండే అవకాశం 40 శాతం దాటుతుంది, కాపీలు రెట్టింపయితే అవకాశం దాదాపు మూడు రెట్లయింది చూశారా, కొత్త ఎక్స్‌పాన్షన్‌లో నేనైతే ముందు ఇదే వెతుకుతా, కొత్త కాంబో కాదు, పాత కాంబోకి ఐదో ఆరో కాపీ. డెక్‌లోంచి వెతికి తెచ్చే కార్డులు కూడా ఈ లెక్కలో కాపీలే, ఖర్చు ఎక్కువైన కాపీలు. రెండోది అంతకంటే ముఖ్యం, కాంబోలో ఏ సగమైనా ఒంటరిగా కూడా ఏదో ఒకటి చెయ్యాలి. రెండో కార్డు లేకపోతే పూర్తిగా చెత్త అనిపించే కార్డు 4 పెట్టుకున్నారంటే అది గట్టి కాంబో అయ్యుండాలి, చాలావరకు కాదు.

ప్రశ్న: పోకేమాన్‌లో బేసిక్ పోకేమాన్ (నేరుగా ఆటలోకి దించగలిగే పోకేమాన్ కార్డులు) ఎన్ని పెట్టాలి? కొత్త ట్రైనర్ కార్డులకి (ఆటలో సాయం చేసేవి) చోటు కోసం ఎనిమిదికి తగ్గించా. ప్రతిసారీ ములిగనే (మొదటి చేతిలో బేసిక్ ఒక్కటీ లేక మళ్ళీ పంచుకోవడం), ఎదుటివాడేమో ఎక్స్‌ట్రా కార్డులు లాగేస్తున్నాడు.

జవాబు: 8 బేసిక్‌లతో మొదటి 7 కార్డుల్లో ఒక్కటి కూడా రాకపోయే అవకాశం సుమారు 35 శాతం. 12కి పెంచితే 19 శాతం. ములిగన్ అయిన ప్రతిసారీ ఎదుటివాడు కావాలంటే ఒక కార్డు లాగొచ్చు కాబట్టి మీరు ట్రైనర్ కార్డులకి చోటు చేసి వాడికి కార్డులు దానం చేస్తున్నారన్నమాట. 8తో నడిచే డెక్‌లు లేవని కాదు, ఒక్క బేసిక్ దొరికితే చాలు మిగతావి వెతుక్కునే డెక్‌లు అవి, మీది అది కాకపోతే ఆ ట్రైనర్‌లు రెండు తీసేయండి.

ప్రైజ్ కార్డులు కూడా మర్చిపోవద్దు. గేమ్ మొదట్లోనే మీ డెక్‌లోంచి 6 కార్డులు ప్రైజులుగా బోర్లా పక్కకి పోతాయి కాబట్టి ఒకే కాపీ పెట్టుకున్న కార్డు పది గేముల్లో ఒకదాంట్లో అక్కడే ఇరుక్కుంటుంది. అది లేకపోతే గేమే లేదు అనుకునే కార్డైతే రెండు పెట్టండి, రెండూ ప్రైజుల్లో పడే అవకాశం ఒక శాతం కూడా ఉండదు. డెక్‌లో మొదటిసారి వెతికేటప్పుడే ఏవి లేవో చూసి గుర్తు పెట్టుకోవడం అలవాటు చేసుకోండి, కొత్త డెక్‌తో ఇది మరీ అవసరం.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో గెలిచిన డెక్‌ని యథాతథంగా కాపీ కొట్టి ఆడితే చిన్నచూపు చూస్తున్నారు. తప్పా?

జవాబు: తప్పేం కాదు, చూసేవాళ్ళని చూడనివ్వండి. కాకపోతే ఒకటి తెలుసుకోండి, ఆ లిస్ట్ వాళ్ళు ఆ రోజు ఎదుర్కొన్న డెక్‌లకి జవాబుగా కట్టింది. కొత్త సెట్ వచ్చిన మొదటి వారం టోర్నమెంట్లలో వేగంగా కొట్టే డెక్‌లు బాగా గెలుస్తుంటాయి, అవి గొప్పవని కాదు, మిగతావాళ్ళ డెక్‌లు ఇంకా కుదురుకోలేదు గనక, ఎవర్ని ఆపాలో తెలియకుండా ఆపే డెక్ కట్టడం కష్టం. నాలుగు వారాలు పోయాక అదే లిస్ట్ ఆడితే అందరూ దానికోసం సిద్ధంగా కూర్చుంటారు. ముందు మార్చకుండా కొన్ని గేములు ఆడండి, ఇదెందుకు పెట్టాడ్రా బాబూ అనిపించిన కార్డుల దగ్గర ఆగండి, వాటిల్లో సగానికి కారణం పదో గేమ్‌కి తెలుస్తుంది. మిగతా సగం మార్చేయండి.

ప్రశ్న: యుగియోలో 40 కార్డులా 60 కార్డులా?

జవాబు: 40. ఒక కార్డు 3 కాపీలు పెడితే మొదటి 5 కార్డుల చేతిలో వచ్చే అవకాశం 40 కార్డుల డెక్‌లో సుమారు 34 శాతం, 60లో 23 శాతం. గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) నింపుకుంటే లాభపడే డెక్‌లకీ, చేతిలోకి రాకూడని కార్డులు ఎక్కువుండే డెక్‌లకీ పెద్ద డెక్ పనికొస్తుంది, మిగతావాళ్ళు కొత్తవన్నీ పెట్టుకోవాలనే ఆశతోనే 60కి వెళ్తారు.

ప్రశ్న: కొత్త డెక్‌తో ఫ్రెండ్స్ మీద 20 గేములు ఆడి 12 గెలిచా. 60 శాతం. టోర్నమెంట్‌కి రెడీనా?

జవాబు: నాణెం 20 సార్లు ఎగరేస్తే కూడా 12 లేదా అంతకంటే ఎక్కువ బొమ్మ పడే అవకాశం 25 శాతం ఉంది, కాబట్టి ఆ 60 శాతాన్ని మరీ నమ్మకండి. వందల గేములు ఆడమని చెప్పను, టైమ్ ఎవరికుంది, దానికంటే ఓడిపోయిన 8 గేములు ఎందుకు పోయాయో రాసుకోండి. మ్యాజిక్ అయితే ల్యాండ్లు (మానా ఇచ్చే కార్డులు) రాలేదా, కావాల్సిన రంగు మానా దొరకలేదా, వచ్చిన కార్డులు అన్నీ ఖరీదైనవా, లేక అన్నీ బాగానే వచ్చినా ఎదుటి డెక్ మెరుగ్గా ఉందా? మొదటి మూడూ కట్టడంలో తప్పులు, సరిచేయొచ్చు. రంగు విషయం జనం తక్కువ అంచనా వేస్తారు, మొదటి టర్న్‌లో ఒక రంగు మానా కావాలంటే ఆ రంగు ఇచ్చే ల్యాండ్లు 9 ఉంటే మొదటి 7 కార్డుల్లో దొరికేది 70 శాతం, 14 ఉంటే 86 శాతం. కొత్త సెట్ కార్డు కోసం మూడో రంగు కలుపుతున్నవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

మ్యాజిక్, యుగియో ఆడేవాళ్ళకి ఇంకో మాట, మూడు గేముల మ్యాచ్‌లో మొదటి గేమ్ ఒక్కటే సైడ్‌బోర్డ్ (పక్కన ఉంచుకుని గేముల మధ్య డెక్‌లోకి మార్చుకునే కార్డులు) లేకుండా ఆడతారు, తర్వాత ఒకటో రెండో గేములు సైడ్‌తోనే, అంటే మీరు ఆడే గేముల్లో కనీసం సగం మీరు టెస్ట్ చెయ్యని డెక్‌తో ఆడుతున్నారు. 15 కార్డులు ఎంచుకోవడం సగం పనే, ఏ డెక్ మీద ఏవి లోపలికి, ఏవి బయటకి అని కాగితం మీద రాసి చూడండి, 8 లోపలికి రావాలి కానీ తీయడానికి 5 కూడా దొరకట్లేదు అని చాలామందికి అప్పుడే తెలుస్తుంది. (పోకేమాన్‌లో సైడ్ లేదు, వాళ్ళకి ఈ తలనొప్పి లేదు.)

ప్రశ్న: ఇప్పుడు డెక్ కట్టుకుంటే ఎన్నాళ్ళు ఆడొచ్చు?

జవాబు: గేమ్‌ని బట్టి. మ్యాజిక్ స్టాండర్డ్‌లో సెట్‌లు ఉండే కాలం 2023లో మూడేళ్ళకి పెంచారు. పోకేమాన్‌లో కార్డు కింద చిన్న ఇంగ్లీష్ అక్షరం ఉంటుంది, స్టాండర్డ్‌లో ఏ అక్షరం కార్డులు చెల్లుతాయో కంపెనీ ప్రకటిస్తుంది, పాత అక్షరం కార్డులతో డెక్ నింపేముందు అది చూడండి. యుగియోలో రొటేషన్ (పాత సెట్‌లు చెల్లకుండా పోవడం) లేదు, బ్యాన్ లిస్టే అన్నీ చేస్తుంది, లిస్ట్ మారిన మర్నాడు డెక్ సగం పోయిందని ఏడ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

ప్రశ్న: డెక్ కోసం ప్యాకులు కొనాలా, విడి కార్డులా? ముందు పేపర్ ప్రింట్ పెట్టుకుని ఆడొచ్చా?

జవాబు: ప్యాకులు విప్పడం సరదా, అది సరదా ఖాతాలో రాసుకోండి. ఫలానా కార్డు నాలుగు కావాలంటే విడిగా కొనడమే, అదీ పేపర్ ప్రింట్‌లతో ఆడి చూసి డెక్‌లో నిలుస్తుందని నమ్మకం కుదిరాకే. ఇంట్లో టెస్టింగ్‌కి ప్రింట్‌లు ఎన్నైనా వాడుకోండి, అధికారిక టోర్నమెంట్‌లో మాత్రం నడవవు. అసలు కార్డులు వచ్చాక స్లీవులు (కార్డులకి తొడిగే కవర్లు) మొత్తం డెక్‌కి ఒకేసారి మార్చండి, పాత స్లీవుల మధ్య నాలుగు కొత్త స్లీవులు మెరుస్తుంటే అవి ఏ కార్డులన్నది వెనక నుంచే తెలిసిపోతుంది, జడ్జి దాన్ని గుర్తు పెట్టిన కార్డుల కిందే చూస్తాడు.