‘నుంచి’తో వచ్చిన చిక్కు

ప్రశ్న: ఆఫీసులో రోజూ ఇంగ్లీషులో మెయిల్స్ రాయాలి. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అని రాస్తే మా మేనేజర్ ‘సిన్స్’ కొట్టేసి ‘ఫర్’ అని దిద్దారు. మొన్న ‘ఇట్స్’లో అపాస్ట్రఫీ (అక్షరాల మధ్య పైన పెట్టే కామా లాంటి గుర్తు) తప్పన్నారు. బడిలో చదివినవే, కానీ రాసేటప్పుడు టెన్షన్. గ్రామర్ పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. మొదటి పేజీలో నౌన్ ఉంటుంది. మీ చిక్కు ‘నుంచి’ దగ్గరుంది.

మనం ‘2019 నుంచి’ అంటాం, ‘ఐదేళ్ల నుంచి’ అనీ అంటాం. ఇంగ్లీషులో అలా కుదరదు. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలం గడిచిందో చెబితే ఫర్. అనుమానం వస్తే తెలుగులోనే ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘ఐదేళ్లుగా’ హాయిగా అతుకుతుంది, అక్కడ ఫర్. ‘2019గా’, ‘చిన్నప్పటిగా’ అని ఎవరూ అనరు, అక్కడ సిన్స్.

అన్నట్టు, మీ మేనేజర్ సగమే దిద్దారు! అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పని కాబట్టి ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి. మనకు ‘చేస్తున్నాను’ ఒక్కటే చాలు గనుక ‘యామ్ వర్కింగ్’ అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది.

ఇక ‘ఇట్స్’. నేను ప్రూఫులు దిద్దే కొత్తలో ఒక బ్రోచర్ అట్ట మీద ‘ద కంపెనీ అండ్ ఇట్స్ స్టాఫ్’ అన్నచోట అక్కర్లేని అపాస్ట్రఫీ పడితే, కొట్టేయకుండా వదిలేశాను. వెయ్యి కాపీలు అచ్చయ్యాక చూసుకున్నా. ‘సంస్థ, దాని సిబ్బంది’ కాస్తా ‘సంస్థ, అది సిబ్బంది’ అయి కూర్చుంది. ఆ రోజు మాటలు బాగానే పడ్డాయి లెండి. అప్పటి నుంచి ‘ఇట్స్’ కనిపిస్తే విడదీసి ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హాజ్’ అనో చదువుతాను. అర్థం కుదిరితేనే అపాస్ట్రఫీ. ‘దాని’ అనే అర్థంలో వస్తే అక్కర్లేదు. ‘హిజ్’కు మాత్రం ఉందా? 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లే ‘దాని’కి కూడా అపాస్ట్రఫీ పెట్టేవారు. ఆ సంగతి మీ మేనేజర్‌కు చెప్పకండి, ఇప్పుడు చెల్లదు.

ఈ వారం మీ పాత మెయిల్స్‌లో ‘సిన్స్’ అని వెతికి, ఒక్కొక్కచోటా ‘గా’ పెట్టి చూడండి. ‘కాబట్టి’ అనే అర్థంలో వాడినవి మాత్రం వదిలేయండి, వాటి సంగతి వేరు.