మూత బిగించేదెప్పుడు?

పాత సామాను, మీ ప్రశ్నలు: తిరుపతి గాంధీరోడ్డు పక్క సందులో ముప్పై ఏళ్లుగా టీవీలు, టేప్‌రికార్డర్లు, వీడియో గేములు బాగుచేస్తున్న మెకానిక్ జవాబులు

ప్రశ్న: సార్, నాకు 38 ఏళ్లు. బ్యాంకులో ఉద్యోగం. చిన్నప్పుడు మా వీధిలో ఒక్కరింట్లోనే వీడియో గేమ్ ఉండేది, గంటకు రెండు రూపాయలిచ్చి ఆడేవాళ్లం. ఆ ముచ్చట తీరక పోయినేడాది రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్ కొన్నాను. 128 జీబీ కార్డు, అందులో పాత వీడియో గేములు ఆడించే రెట్రోపై సాఫ్ట్‌వేర్, రెండు యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌లు. అప్పటినుంచి రోజూ రాత్రి పది దాటాక దాని ముందే కూర్చుంటున్నాను. పాత టీవీ గీతలు వచ్చేలా షేడర్లు (తెర మీద బొమ్మ తీరు మార్చే సెట్టింగులు) మార్చేది, ప్రతి ఆటకీ అట్ట బొమ్మ పెట్టేది, ఫ్యాను బిగించేది, ఇదే పని. ఒక్క ఆట కూడా చివరిదాకా ఆడలేదు. మొన్న సెలవులకి మా బావమరిది పిల్లలొచ్చి "మామా, మారియో పెట్టు" అన్నారు. "ఒక్క నిమిషం" అని సెట్టింగుల్లోకి దూరాను. తలెత్తి చూస్తే నలభై నిమిషాలయింది, పిల్లలు మిద్దె మీద క్యారమ్స్ ఆడుకుంటున్నారు. "నువ్వు గిన్నెలు తోమేదే గాని అన్నం వండేది లేదు" అంటోంది మా ఇంటామె. నాది పిచ్చా సార్?
– ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: తమ్ముడూ, పిచ్చి కాదు గానీ, మీ ఇంటామె చెప్పింది మాత్రం కరెక్టే.

ముందు నా బాగోతం వినండి. 1990ల్లో ఎండాకాలం వచ్చిందంటే మా అంగడికి వీడియో గేములు వరసకట్టేవి. జపాన్‌లో 1983లో వచ్చిన ఫామికామ్‌ని చూసి చేసిన నకళ్లే ఎక్కువ. చెన్నై బర్మా బజారులో కొని రైల్లో తెచ్చుకునేవాళ్లు. కంప్లైంట్లు కూడా మూడే. అడాప్టర్ వైరు పిన్ను దగ్గర తెగిపోవడం, రిమోట్ లోపలి నల్ల రబ్బరు అరిగిపోవడం, టీవీలో బొమ్మ రాకపోవడం. ఈ మూడోదానికి చాలాసార్లు టీవీలో చానల్ ట్యూన్ చేస్తే సరిపోయేది. దానికి డబ్బులు తీసుకునేవాణ్ణి కాదు, టీ తాగించేవాళ్లు.

వాటిలో ఒకదాన్ని ఎవరూ వచ్చి తీసుకుపోలేదు. ఏడాది చూసి ఇంటికి తెచ్చాను, మావాడితో ఆడదామనే. దానికి యాంటెన్నా వైరు ఒక్కటే ఉంది. బొమ్మ, శబ్దం వేరే వైర్లలో నేరుగా టీవీకి వెళ్లేలా ఏవీ అవుట్ పెట్టాను, బొమ్మ తేటపడింది. తేటపడేసరికి అంతకుముందు కనిపించని సన్న గీతలు కనిపించాయి. కెపాసిటర్లు మార్చాను. గీతలు పోయాయి, ఈసారి శబ్దంలో గుయ్యిమని హమ్మింగ్ వినిపించింది. అదీ చూశాను. తర్వాత ఎర్ర లైటు తీసి నీలం లైటు పెట్టాను, అదెందుకని మాత్రం నన్నడగొద్దు. ఒక్కో మార్పు అయ్యాక సూపర్ మారియో పెట్టి చూసేవాణ్ణి. పుట్టగొడుగులాంటిది ఒకటి నడిచొస్తుంది కదా, దాని మీద దూకేది, బొమ్మ బాగుంది శబ్దం బాగుంది అనుకునేది, ఆపేసి మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టుకునేది. ఆ ఆటలో ఎనిమిది వరల్డ్‌లు, ఒక్కోదాంట్లో నాలుగు చొప్పున 32 లెవెల్స్ ఉన్నాయి. రెండేళ్లలో నేను చూసింది మొదటి లెవెల్‌లో మొదటి అర నిమిషం. ఈలోపు మావాడు మూడో తరగతి నుంచి ఐదుకొచ్చాడు, వాడికి క్రికెట్ పిచ్చి పట్టింది. ఇక పెట్టె వైపు చూడలేదు.

అంగడిలో నాకు ఈ జబ్బు ఎందుకు రాలేదా అని తర్వాత ఆలోచించాను. అక్కడ జాబ్ కార్డు ఉంటుంది. "బొమ్మ ఉంది, శబ్దం లేదు" అని రాసుంటుంది. శబ్దం వచ్చిందా, మూత బిగించేయాలి. అడగనిది గెలికితే కొత్త కంప్లైంటు నువ్వే తెచ్చినట్టు అని నాకు పని నేర్పిన మేస్త్రీ తిట్టేవాడు. ఇంట్లో పెట్టెకి కార్డు లేదు. సాయంత్రం సైకిలు దిగి "అయిందా అన్నా?" అని అడిగే కస్టమరూ లేడు. రిపేరంటే ఎక్కడో ఒకచోట అయిపోతుంది. ఇంకొంచెం బాగుండాలి అనుకుంటే మాత్రం తెల్లారిపోతుంది.

అందుకే మీరూ ఒక జాబ్ కార్డు పెట్టండి. పాత డైరీ చాలు. షరతు ఒక్కటే: ఆడుతుంటే అడ్డం వచ్చిందే కంప్లైంటు. "రెండో జాయ్‌స్టిక్‌లో బి బటన్ పట్టడం లేదు" అన్నది కంప్లైంటు. "వేరే షేడర్ ఇంకా బాగుంటుందేమో" అన్నది కాదు.

మా కాలపు పెట్టెలకు లేని సౌకర్యం మీదానికి ఒకటుంది. ఆటలు, సెట్టింగులు అన్నీ ఆ మైక్రో ఎస్‌డీ కార్డులోనే ఉంటాయి. కార్డు మారిస్తే పెట్టె మారినట్టే. ఇంకో కార్డు కొనండి. ఇప్పుడున్నదాన్ని కంప్యూటర్లో ఇమేజ్ తీసి, అంటే మొత్తం ఉన్నదున్నట్టు నకలు తీసి, కొత్తదాంట్లోకి ఎక్కించండి. ఒకదానికి పిన్నులు లేని వైపు మీ ఇంటామె నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టండి. చుక్క కార్డు ఆటకి. దాంట్లో వాల్యూమ్ తప్ప ఏదీ ముట్టుకోకూడదు. చుక్క లేనిది మీ ప్రయోగాలకి, ఏం చేసుకున్నా అడిగేవాడు లేడు. ఏ మార్పైనా నెల రోజులు బాగా నడిస్తేనే చుక్క కార్డులోకి రావాలి. ఇంకోటి, షట్‌డౌన్ ఇవ్వకుండా ప్లగ్గు పీకితే కార్డులో ఫైళ్లు పాడవ్వొచ్చు. అప్పుడు మీకు మళ్లీ పది రాత్రుల పని దొరుకుతుంది. దానికోసం కావాలని పీకొద్దు.

షేడర్ల గురించి నా అభిప్రాయం అడిగితే, మంచం మీద కూర్చున్న పదేళ్ల పిల్లకి గీతలున్నాయా లేవా అన్నది కనిపించదు. బటన్ నొక్కితే వెంటనే దూకిందా లేదా, అదే దానికి కావాల్సింది. కాబట్టి టీవీ మెనూలోకి వెళ్లి గేమ్ మోడ్ ఆన్ చేయండి. బొమ్మకి టీవీ చేసే మెరుగులు తగ్గి, ఆలస్యం తగ్గుతుంది. అన్ని సెట్టింగుల్లోకీ నేను ఒప్పుకునేది ఇదొక్కటే.

చుక్క కార్డులో వేల ఆటలు కూడా వద్దు. మీ చిన్నప్పటి "9999 ఇన్ 1" క్యాసెట్ గుర్తుందా? లోపల ఉన్నవి కొన్నే, వాటినే పేర్లు మార్చి తిప్పి తిప్పి పెట్టేవాళ్లు. అయినా వాటితోనే ఎండాకాలాలు గడిచిపోయాయి. ఐదు ఆటలుంచండి. కాంట్రా తప్పకుండా ఉండాలి, ఇద్దరు ఆడొచ్చు. టైటిల్ పడ్డప్పుడు పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ నొక్కి స్టార్ట్ కొడితే 30 లైఫులొస్తాయి. ఇద్దరైతే స్టార్ట్‌కి ముందు సెలెక్ట్ కూడా నొక్కండి. పిల్లలకిది నేర్పిస్తే మామకి విలువ పెరుగుతుంది.

బిగించడమే మీకు ఆటైతే అందులో నాకు తప్పేమీ కనపడదు, నేను దాంతోనే బతుకుతున్నాను. రాత్రి పది తర్వాత మీ ఇష్టం. పిల్లలొచ్చి కూర్చున్నాక మాత్రం చుక్క కార్డు పెట్టి, రెండో జాయ్‌స్టిక్ మీరు తీసుకోండి.

ప్రశ్న: అటక మీద పాత గేమ్ దొరికింది. క్యాసెట్ ఊది పెడితే ఒక్కోసారి వస్తోంది. ఊదొచ్చా?
– కాలేజీ విద్యార్థి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: వద్దు నాయనా. ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు వస్తోంది. పిన్నులు కొత్తచోట తగులుతాయి, అంతే. నోటి తేమకి ఆ పిన్నులే నిదానంగా చిలుం పడతాయి. సెల్‌ఫోన్ రిపేరు అంగళ్లలో ఐపీఏ లిక్విడ్ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఉంటుంది. చెవి బడ్‌కి అద్ది పిన్నులు తుడువు. బడ్ నల్లగా రావడం ఆగేదాకా తుడిచి, ఆరాక పెట్టు. వచ్చిందంటే ఆడుకో, మళ్లీ తీయొద్దు.

ప్రశ్న: అన్నా, మా తమ్ముడి పాత వీడియో గేమ్ గన్ను దాచిపెట్టాను, బాతుల్ని కాల్చే డక్ హంట్ ఆటది. కొత్త ఎల్‌ఈడీ టీవీకి పెడితే బాతు ఒక్కటీ పడటం లేదు. గన్ను పోయిందా?
– గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: గన్ను బాగానే ఉండుంటుందమ్మా. అది దేన్నీ కాల్చదు, చూస్తుంది. దాని గొట్టంలో వెలుతురు పట్టే కన్ను ఒకటుంటుంది. డక్ హంట్ 1984 నాటి ఆట. మీరు ట్రిగ్గర్ నొక్కగానే తెరంతా రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా పడుతుంది. గన్ను కంటికి ఆ తెలుపు కనిపిస్తే తగిలినట్టు లెక్క. పాత ట్యూబు టీవీ సిగ్నల్ రాగానే గీసేస్తుంది. కొత్త టీవీ బొమ్మని సర్ది చూపించేసరికి కొంచెం ఆలస్యమవుతుంది, ఆ లోపల గన్ను చూసేసి లేదనుకుంటుంది. గేమ్ మోడ్ పెట్టినా ఇది కుదరదు. చుట్టాలింట్లో మూలపడ్డ ట్యూబు టీవీ ఉంటే తెచ్చుకోండి, పాత సామాను వాళ్ల దగ్గరా దొరుకుతాయి.

తెచ్చాక బొమ్మ సరిగా రాలేదని దాని వెనక మూత మాత్రం మీవాళ్లు ఎవరూ తీయకుండా చూడండి. ప్లగ్గు పీకేసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల చార్జి నిలిచి ఉండొచ్చు. ఆటోలో వేసుకుని అంగడికి తెండి, నేను చూస్తాను.