విమానాలుంటే చాలదు: చిన్న వైమానిక దళాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బల్గేరియాలో 2017లో మిగ్-29 పైలట్లు శిక్షణకు విమానాలు ఎక్కబోమని నిరాకరించారని చదివాను. యుద్ధ విమానాలూ ఉండి, పైలట్లూ ఉండి, ఒక దేశానికి అటువంటి పరిస్థితి ఎందుకు వస్తుంది? అసలు కొరత పైలట్లదా, విమానాలదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఈ రెండు కొరతలూ ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి కనుక విడదీసి చెప్పడం కష్టం. అయినా బల్గేరియా విషయంలో చిక్కు విమానాల దగ్గరే మొదలైందని నా అభిప్రాయం. సోవియట్ కూటమి కూలిపోతున్న రోజుల్లో ఆ దేశానికి ఇరవైకి పైగా మిగ్-29లు వచ్చాయి. కాలక్రమంలో అవి సుమారు పదిహేనుకు తగ్గాయి. జెట్ ఇంజనుకు ఇన్ని గంటలని ఒక గడువు ఉంటుంది. ఆ గడువు తీరాక దాన్ని విప్పి పూర్తిగా మరమ్మతు చేస్తే తప్ప మళ్లీ వాడకూడదు. విడిభాగాలకు రష్యా మీద ఆధారపడక తప్పని ఆ దేశం, అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో సభ్యత్వం కారణంగా రష్యాకు దూరం జరగాలనీ అనుకుంది. 2015లో ఇంజన్ల మరమ్మతుకు పోలండ్‌తో ఒప్పందం చేసుకుని, 2018లో మళ్లీ రష్యాలోని మిగ్ తయారీ సంస్థ దగ్గరికే వెళ్లింది. ఈ ఊగిసలాటలో గడిచిన ఏళ్లలో పైలట్లకు దక్కాల్సిన గంటలు దక్కలేదు. 2017 అక్టోబరు 24న ప్లోవ్‌దివ్ నగరానికి దగ్గరలోని గ్రాఫ్ ఇగ్నాతియెవో స్థావరంలో వారు శిక్షణకు ఎగరకపోవడానికి నేపథ్యం ఇదే. ఆ రోజు కూడా గగనతల కాపలా విధిని, అంటే అనుమానాస్పద విమానం వస్తే వెంటనే ఎగిరి వెళ్లేందుకు సిద్ధంగా ఉండే పనిని, మాత్రం వారు వదిలిపెట్టలేదు. కనుక దాన్ని సమ్మెగా కాక, యంత్రం మీద నమ్మకం సడలిన నిపుణులు ఇచ్చిన హెచ్చరికగా చూడాలి.

లెక్క ఎలా తలకిందులవుతుందో ఒక ఊహా ఉదాహరణతో చెప్తాను. ఒక దేశానికి పదిహేను విమానాలున్నాయనుకుందాం. నాలుగు పూర్తి మరమ్మతుకు వెళ్లాయి, మూడు నిర్ణీత తనిఖీల కోసం హ్యాంగరులో ఉన్నాయి, రెండు విడిభాగం కోసం ఎదురుచూస్తున్నాయి. మిగిలిన ఆరింటిలో రెండు ఆయుధాలతో, ఇంధనంతో రాత్రింబవళ్లు కాపలాకు సిద్ధంగా ఉండాలి. వాటికి తోడుగా ఇంకొకటి. శిక్షణకు మిగిలినవి మూడే. పైలట్లు పదిహేను మంది ఉంటే, నాటో దేశాల్లో కొలమానంగా చెప్పే 180 గంటల చొప్పున ఏడాదికి మొత్తం 2,700 గంటలు కావాలి. అంటే ఒక్కొక్క విమానం 900 గంటలు ఎగరాలి. మామూలుగా ఒక యుద్ధ విమానం ఏటా రెండు మూడు వందల గంటలు ఎగిరితేనే ఎక్కువ.

కాపలా గదిలో విమానం పక్కన కూర్చున్న గంటలు శిక్షణ కిందికి రావన్న సంగతి బయటివారికి అంతగా తెలియదు. రాత్రిపూట ఎగరడానికి, తక్కువ ఎత్తులో వెళ్లడానికి, మేఘాల్లో పరికరాల ఆధారంతో దిగడానికి వేర్వేరు అర్హతలుంటాయి, వాటికి గడువులూ ఉంటాయి. గడువు లోపల ఆ పని చేయకపోతే అర్హత పోతుంది. తిరిగి సంపాదించాలంటే రెండు సీట్ల విమానంలో బోధకుడితో కలిసి ఎగరాలి. చిన్న దళంలో రెండు సీట్ల విమానాలు రెండో మూడో ఉంటాయి. అవి మరమ్మతులో ఉన్నాయంటే, ఒంటి సీటు విమానాలు బాగున్నా వాటిని రాత్రిపూట నడిపే అర్హత ఉన్నవారు దొరకరు. ఇలా విమానాల కొరత చూస్తుండగానే పైలట్ల కొరతగా మారిపోతుంది.

విడిభాగం అందనప్పుడు పక్క విమానం నుంచి ఊడదీసి బిగిస్తారు. మన ఆర్టీసీ డిపోలో ఒక మూల ఆగిపోయిన బస్సు మిగతా బస్సులకు సామాను గిడ్డంగి అయినట్టే, ఆ పక్క విమానం క్రమంగా డొల్లగా మిగులుతుంది. పైగా ఒక్క భాగానికి పని రెండింతలవుతుంది: అక్కడ ఊడదీయాలి, ఇక్కడ బిగించాలి, తరువాత కొత్తది వచ్చినప్పుడు అక్కడ మళ్లీ బిగించి పరీక్షించాలి. ఊడదీసిన ప్రతిసారీ మరలూ, తీగల కనెక్టర్లూ కొంత అరుగుతాయి. ఈ అదనపు చాకిరీ అంతా టెక్నీషియన్ల మీదే పడుతుంది. అనుభవమున్న టెక్నీషియన్ బయట విమానయాన సంస్థలో చేరిపోతే అతని స్థానాన్ని ఏ కొనుగోలు ఒప్పందమూ భర్తీ చేయలేదు. వార్తల్లో పైలట్ల గురించి రాసినంతగా వీరి గురించి రాయకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక పైలట్ల మెట్ల వరుస చూడండి. కొత్తగా చేరినవాడు తోడు విమానం నడుపుతాడు, తరువాత రెండు విమానాల జట్టుకూ, ఆపైన నాలుగింటి జట్టుకూ నాయకుడవుతాడు, చివరికి బోధకుడవుతాడు. ఒక్కొక్క మెట్టు ఎగిరిన గంటల మీదే కట్టబడుతుంది. గంటలు లేకపోతే కుర్రవాళ్లు కింది మెట్టు మీదే ఉండిపోతారు, పై మెట్టు మీదివారు పదవీ విరమణ చేస్తారు, మధ్య మెట్లు ఖాళీ అవుతాయి. బల్గేరియా 2019లో ఎనిమిది అమెరికన్ ఎఫ్-16 యుద్ధ విమానాలకూ, 2022లో మరో ఎనిమిదింటికీ ఆర్డరు పెట్టింది; మొదటిది గ్రాఫ్ ఇగ్నాతియెవోలో దిగింది 2025 ఏప్రిల్‌లో. అంతవరకూ పాత మిగ్‌లను నడుపుతూ ఉండాల్సిన కొద్దిమందే కొత్త విమానం నేర్చుకోవడానికీ వెళ్లాలి. కొత్త విమానాలు కొన్న ఏళ్లలోనే చిన్న దళం అన్నింటికన్నా బలహీనంగా ఉంటుందనడానికి కారణం ఇదే.

ప్రశ్న: ఇంత బాధ పడేకంటే చిన్న దేశాలు యుద్ధ విమానాలను వదిలేసి, కాపలా పనిని పొరుగువారికి అప్పగించవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అలా చేస్తున్న దేశాలున్నాయి. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలకు సొంత యుద్ధ విమానాలు లేవు; 2004 నుంచి నాటో దేశాలు వంతులవారీగా వారి ఆకాశాన్ని కాస్తున్నాయి. స్లొవాకియా 2022 ఆగస్టు చివర మిగ్-29లను పక్కన పెట్టి, ఎఫ్-16లు వచ్చేవరకు కాపలాను చెక్, పోలండ్ దేశాలకు అప్పగించింది. నమ్మకమైన కూటమి ఉన్నప్పుడు ఇందులో తప్పేమీ లేదని నేననుకుంటాను.

విమానాలుండీ పొరుగువారే రావలసి వచ్చిన ఉదంతం స్విట్జర్లాండ్‌ది. 2014 ఫిబ్రవరి 17న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని దాని కో-పైలటే దారి మళ్లించి తెల్లవారుజామున జెనీవాలో దించాడు. వెంట వచ్చినవి ఇటలీ, ఫ్రాన్స్ యుద్ధ విమానాలు. స్విస్ దళానికి ఎఫ్/ఎ-18లు ఉన్నాయి, కానీ కాపలా ఆఫీసు వేళల్లో మాత్రమే! ఇరవై నాలుగు గంటల కాపలాకు తగినంత సిబ్బందీ, నిధులూ లేకపోవడమే కారణం. ఆ సిబ్బందిని నియమించి, శిక్షణ ఇచ్చి, పూర్తి కాపలా మొదలుపెట్టేసరికి 2020 ముగిసింది.

పూర్తిగా వదిలేస్తే తిరిగి రావడం ఎంత కష్టమో న్యూజిలాండ్ చూపిస్తుంది. 28 ఎఫ్-16లు తీసుకునే ఒప్పందాన్ని 2000లో రద్దు చేసి, 2001 డిసెంబరులో స్కైహాక్ యుద్ధ విమానాల స్క్వాడ్రన్లను (దళాలను) ఎత్తేశారు. పైలట్లలో పలువురు ఆస్ట్రేలియా, బ్రిటన్ వైమానిక దళాల్లో చేరారు. మూలన ఉంచిన విమానాల్లో ఎనిమిదింటిని 2012లో ఒక అమెరికన్ ప్రైవేటు సంస్థ కొనుక్కుంది. డబ్బు దొరికితే విమానాలు మళ్లీ కొనవచ్చు, కానీ బోధకుడిని తయారు చేయాలంటే ఆ బోధకుడికి నేర్పే బోధకుడు ముందు కావాలి.

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ చివరి ఏడాది చదువుతోంది, ఫైటర్ పైలట్ కావాలంటోంది. మన దగ్గరా ఇలాంటి కొరతలున్నాయా? దరఖాస్తు చేయించవచ్చా?
– ఒక తండ్రి, మేడ్చల్

జవాబు: భారత వైమానిక దళం చిన్నది కాదు, కానీ సమస్య స్వభావం అదే. మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరు 26న మిగ్-21లు విరమించాక మిగిలినవి 29. పైలట్ల కొరత 2015లో 486 ఉండగా 2021 చివరికి 596కు పెరిగిందని ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదిక చెప్పింది. అదే నివేదికలో మీ ఇంటికి దగ్గరి సంగతి ఒకటుంది: దుండిగల్ అకాడమీలో తొలి శిక్షణకు వాడే పీసీ-7 విమానాలు మొత్తం 64 కాగా, వాటిలో 16 విమానాల్లో 2013–21 మధ్య ఇంజన్ ఆయిల్ కారిన ఘటనలు 38 జరిగాయి. శిక్షణ విమానం ఆగితే పైలట్ల వరస అక్కడే ఆగుతుంది. కొత్తగా 70 హెచ్‌టీటీ-40 శిక్షణ విమానాలకు 2023లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌తో ఒప్పందం కుదిరింది.

దరఖాస్తు తప్పకుండా చేయించండి. మన దేశపు తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు 2016 జూన్‌లో దుండిగల్‌లోనే అధికారులయ్యారు. ఫ్లయింగ్ శాఖకు ఏఎఫ్‌క్యాట్ (వైమానిక దళ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ఏటా రెండుసార్లు ఉంటుంది. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి, వయసు 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి. చివరి ఏడాదివారూ రాయవచ్చు కనుక డిగ్రీ చేతికి వచ్చేదాకా ఆగకండి, వచ్చే ప్రకటనకే రాయించండి.