నార్వేలో క్రిస్మస్ సెలవులు: మొహమాటాన్ని హాస్టల్లోనే వదిలి వెళ్లమనండి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. కాలేజీల మధ్య ఒప్పందం మీద ఈ ఆగస్టులో ఏడాది ఎక్స్ఛేంజ్‌కి నార్వేలోని ట్రోండ్‌హైమ్ వెళ్లింది. డిసెంబర్ 20కల్లా పరీక్షలు అయిపోతాయి, మళ్లీ క్లాసులు జనవరిలోనే. విదేశీ విద్యార్థులకు అక్కడివాళ్లను పరిచయం చేసే ఏర్పాటులో దగ్గరైన కుటుంబం ఒకటి, రోరోస్ అనే ఊళ్లో తమ ఇంటికి పండక్కి రమ్మని పిలిచింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఓ నాయనమ్మ ఉంటారట. మేం పందిమాంసం, గొడ్డుమాంసం ముట్టం. పండగ రోజు బల్ల మీద మందు కూడా ఉంటుందంటున్నారు. ఆ పన్నెండు రోజులూ హాస్టల్లో కూర్చుని జీఆర్ఈ చదువుకుంటూ ఇంటర్న్‌షిప్‌లకు అప్లై చేసుకుంటే మేలు కదా అని నా ఉద్దేశం. అమ్మాయేమో వెళ్తానంటోంది. పైగా గ్రూప్ ప్రాజెక్టులో నార్వే పిల్లలు తనను కలుపుకోవడం లేదని ఫోన్ చేసినప్పుడల్లా బాధపడుతుంది. ఇలా వెళ్తే కెరీర్‌కి ఏమైనా పనికొస్తుందా? వాళ్ల ద్వారా రికమండేషన్ లాంటిది దొరుకుతుందా?
– ఓ తండ్రి, సూర్యాపేట

జవాబు: పంపించండి. రికమండేషన్ సంగతి ముందే తేల్చేద్దాం. దొరకదు, అడగనూ కూడదు. పండక్కి పిలిచి అన్నం పెట్టినవాళ్లను ఉద్యోగం గురించి కదిపితే ఆ స్నేహం అక్కడితో సరి. సీవీలో ‘నార్వే కుటుంబంతో క్రిస్మస్’ అని రాసుకునేదీ కాదు. కెరీర్‌కి పనికొచ్చేది వేరే ఉంది. అది మీ ఉత్తరంలో చివరికి, గ్రూప్ ప్రాజెక్టు దగ్గర దాక్కుని ఉంది. దానికే వస్తాను.

ముందు హాస్టల్లో ఉంటే ఏమవుతుందో చూడండి. డిసెంబర్ చివర్లో ట్రోండ్‌హైమ్‌లో సూర్యుడు పొద్దున పదింటికి కనిపించి మధ్యాహ్నం రెండున్నరకల్లా వెళ్లిపోతాడు. నార్వే పిల్లలంతా ఇళ్లకు పోతారు. కారిడార్లో లైటు వేసే మనిషి కూడా ఉండడు. 24 మధ్యాహ్నం నుంచి దుకాణాలు మూతపడతాయి, 25, 26 తేదీలు రెండూ ప్రభుత్వ సెలవులు. 23నే బియ్యం, పాలు తెచ్చి పెట్టుకోకపోతే ఇక పెట్రోల్ బంకులో దొరికే బన్నే గతి. ఇలాంటి గదిలో ఒంటరిగా జీఆర్ఈ మాటల పట్టికలు బట్టీ పట్టడం కాగితం మీద బాగానే ఉంటుంది. అలా ఉండిపోయిన పిల్లలను చూశాను. నాలుగో రోజుకి పుస్తకం మంచం కిందికి పోతుంది, ఫోన్లో సినిమా నడుస్తుంటుంది, ఇంటికి ఫోన్ చేసి ‘బాగా చదువుతున్నా నాన్నా’ అంటారు.

ఇంటర్న్‌షిప్ అప్లికేషన్లు ఆ రోజుల్లో పంపితే చూసేవాళ్లే ఉండరు. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య రోజులకు నార్వే భాషలో ఒక పేరే ఉంది, ‘రుమ్‌యూల్’ అంటారు. ఆఫీసులు ఆ వారం నిద్రపోతాయి. సీవీ, కవర్ లెటర్ అప్పుడు రాసి పెట్టుకుని జనవరి మొదటి వారంలో పంపితే సరిపోతుంది. ఆ రాసుకునే పని రోరోస్‌లోనూ అవుతుంది. రుమ్‌యూల్‌లో ఇంటిల్లిపాదీ మిగిలిన వంటలు తింటూ, బల్ల మీద పజిల్ ముక్కలు పేర్చుకుంటూ, కాసేపు మంచులో తిరిగొచ్చి కునుకు తీస్తారు. రోజుకి రెండు గంటలు గదిలో చదువుకుంటానంటే తప్పు పట్టేవాళ్లుండరు. ఒక్క పుస్తకం పెట్టుకుని వెళ్లమనండి, మూడు కాదు.

ఇక అసలు విషయం. మన ఇళ్లలో ‘ఇంకొంచెం వడ్డించనా’ అంటే మొదటిసారి ‘చాలండీ’ అనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి వద్దంటున్నా విస్తట్లో పడుతుంది. వద్దన్నవాడికీ తెలుసు, వడ్డించినవాడికీ తెలుసు. నార్వేలో ఈ ఆట ఎవరికీ రాదు. వద్దంటే వద్దనే అర్థం. గిన్నె పక్కవాళ్లకు వెళ్లిపోతుంది, మళ్లీ అడగరు. అడగకపోవడం అక్కడ మర్యాద. మీ మాటను నమ్మాం అని దానికి అర్థం. నా దగ్గరికొచ్చిన కుర్రాడు ఒకడు మొదటి రాత్రి మొహమాటానికి చాలన్నాడు. అర్ధరాత్రి గదిలో బ్యాగ్ అడుగున దొరికిన జంతికలు చప్పుడు కాకుండా నములుతూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున ఆ ఇంటావిడ, ‘నువ్వు తక్కువ తింటావు కదా’ అని ప్రేమగా వాడికి చిన్న పళ్లెం పెట్టిందట!

ఇప్పుడు ఇదే అలవాటును ప్రాజెక్టు మీటింగులో పెట్టి చూడండి. ‘ఏ భాగం చేస్తావు?’ అని అడుగుతారు. మనమ్మాయి ‘ఏదైనా పర్లేదు’ అంటుంది. మనకది వినయం. వాళ్లకు అది ‘నాకు ఆసక్తి లేదు’. ‘అర్థమైందా?’ అంటే ‘ఓకే ఓకే’ అంటుంది. వాళ్లు అర్థమైందనే నమ్ముతారు. వారం తర్వాత పని కాకపోతే, చేతకానందుకు కాదు, చెప్పనందుకు నొచ్చుకుంటారు. కలుపుకోవడం లేదని మీ అమ్మాయి అనుకుంటోంది. ఆమెకే కలవడం ఇష్టం లేదని బహుశా వాళ్లు అనుకుంటున్నారు. ప్రొఫెసర్‌ని సైతం పేరు పెట్టి పిలిచే చోట, ‘నాకు ఇది తెలియదు, నేర్పండి’ అనడం చిన్నతనం కాదు. ఇంటర్వ్యూల్లోనూ వాళ్లు వెతికేది ఈ సూటిదనాన్నే. ఇది క్లాసులో నేర్పే పాఠం కాదు. ఓ ఇంట్లో పది రోజులు ఉప్పు అందిస్తూ, గిన్నెలు తుడుస్తూ ఉంటే పట్టుబడుతుంది. అందుకే పంపించమంటున్నాను.

మొదటి పరీక్ష తిండి దగ్గరే. పండగ విందు 24 రాత్రి ఉంటుంది, 25న కాదు. నార్వే తూర్పున, నడిమి భాగంలో ఎక్కువ ఇళ్లలో ఆ రాత్రి ‘రిబ్బె’ చేస్తారు. అది పందిమాంసం, చర్మం పెళపెళలాడేలా ఓవెన్లో కాల్చింది. పడమటి తీరంలో ‘పిన్నెషోట్’ ఇష్టం. అది ఉప్పు వేసి ఎండబెట్టిన గొర్రె పక్కటెముకలు, నానబెట్టి, గిన్నె అడుగున బర్చ్ అనే చెట్టు పుల్లలు పేర్చి గంటల తరబడి ఆవిరి మీద ఉడికిస్తారు. మనవాళ్లకు అభ్యంతరం ఉండదు, కాస్త ఉప్పగా ఉంటుంది అంతే. కొన్ని ఇళ్లలో కాడ్ చేప, కొన్నిచోట్ల ‘లూటెఫిస్క్’. ఎండు చేపను క్షార నీళ్లలో నానబెట్టి వండే ఆ జెల్లీలాంటి వంటకం నార్వేవాళ్లలోనే సగం మందికి గిట్టదు, దాన్ని వద్దనడానికి మొహమాటపడే పనే లేదు. ఏ ఇంట్లో ఏది వండుతారో ముందే అడగాలి. పందిమాంసం, గొడ్డుమాంసం తిననని ఇప్పుడే, ఈ వారంలోనే రాయాలి. విందుకు కూర్చున్నాక చెబితే ఆ ఇంటావిడకు గుండె గుభేలుమంటుంది. ‘నా కోసం ప్రత్యేకంగా ఏమీ చేయకండి’ అన్న మాట మాత్రం రాయొద్దు. నిజంగానే ఏమీ చేయరు.

మందు గురించి మీరు భయపడుతున్నంత లేదు. బీరుకు, వైన్‌కు అక్కడ 18 ఏళ్లు, అంతకన్నా ఘాటైనవాటికి 20 నిండాలి. ఘాటైన సరుకు ప్రభుత్వ దుకాణాల్లోనే దొరుకుతుంది. పండగ బల్ల మీద ‘ఆకెవిట్’ అనే సారా చిన్న గ్లాసుల్లో ఉంటుంది, నిజమే. పక్కనే పిల్లల కోసం ‘యూలెబ్రూస్’ అనే ఎర్రటి సోడా కూడా ఉంటుంది, పెద్దవాళ్లూ తాగుతారు. ‘నాకు ఇది చాలు’ అంటే బతిమాలే సంస్కృతి కాదని పైనే చెప్పాను కదా. మొహమాటం లేని చోట ఆడపిల్ల తండ్రికి ఉన్న లాభం ఇదే.

మతం సంగతి మీరు అడగలేదు గానీ మీ మనసులో ఉండొచ్చు. నార్వేలో చాలామంది చర్చికి ఏడాదికి ఒక్కసారి వెళ్తారు, అదీ 24 మధ్యాహ్నం. క్రిస్మస్‌కు వాళ్లు వాడే ‘యూల్’ అన్న మాటే క్రైస్తవం రాకముందు నాటి చలికాలపు పండగది. చర్చికి రమ్మంటే వెళ్లొచ్చు, రానంటే ఇంట్లో నాయనమ్మకు తోడుగా ఉండొచ్చు. తెలుగు నేల మీద డిసెంబర్‌లో ఇంటి ముందు నక్షత్రాలు వేలాడే వీధిని చూసినవాళ్లకు, ప్రతి కిటికీలో కాగితపు నక్షత్రం వెలిగే రోరోస్ మరీ అంత పరాయిగా అనిపించదు. పాత రాగి గనుల ఊరు అది. 1644 నుంచి 1977 దాకా గని నడిచింది, చెక్క ఇళ్ల వీధులకు 1980లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మెకానికల్ చదివే పిల్లకు అక్కడ రాగిని ఎలా కరిగించేవారో చూపించే స్మెల్టర్ మ్యూజియం చూడటం కాలక్షేపం మాత్రమే కాదు.

ఇక్కడి నుంచి కొంచెం అమ్మాయికి చదివి వినిపించండి.

తల్లీ, రోరోస్ లోపలి ఎత్తు ప్రాంతం, చలి మైనస్ 20 దాటడం అక్కడ మామూలు. ఉన్ని బనియన్, ఉన్ని సాక్సులు లోపల వేసుకో, కాటన్‌వి వద్దు. గడప లోపల చెప్పులు విప్పడం మన ఇంట్లో లాగే. చెప్పిన టైమంటే చెప్పిన టైమే. 24 సాయంత్రం ఐదింటికి దేశమంతా చర్చి గంటలు మోగుతాయి, అప్పటికి స్నానాలు అయిపోయి అందరూ మంచి బట్టల్లో ఉంటారు. కొందరు తమ ప్రాంతపు సంప్రదాయ దుస్తులు ‘బునాడ్’ వేసుకుంటారు. నువ్వు జీన్స్‌లో నిలబడొద్దు. పట్టుచీరో, ఇక్కత్ లంగావోణీనో సూట్‌కేస్‌లో ఉంటే దానికి ఇదే రోజు.

ఆ రోజు మధ్యాహ్నం చాలా ఇళ్లలో పాలల్లో ఉడికించిన బియ్యపు జావ పెడతారు. చూడగానే పరమాన్నం అనుకుంటావు. యాలకులు ఉండవు, బెల్లం ఉండదు. పైన చక్కెర, దాల్చిన చెక్క పొడి చల్లి, నడుమ ఒక వెన్నముద్ద గుచ్చుతారు. వెన్న కరిగి చిన్న పసుపు మడుగు అవుతుంది, దాన్ని ‘వెన్న కన్ను’ అంటారు. గిన్నెలో ఎక్కడో ఒకే ఒక్క బాదం పప్పు దాస్తారు. అది ఎవరి పళ్లెంలోకి వస్తే వాళ్లకు బాదం పిండితో చేసిన పంది బొమ్మ బహుమతి. నీకు వస్తే దవడలో దాచుకుని, అందరూ తినేదాకా బయటపడకుండా ఉండటమే ఆట. ఆ ఇంటి చిన్నపిల్లలు నీ ముఖం వైపే చూస్తుంటారు, నవ్వకు.

రాత్రి భోజనం అయ్యాక చేతులు పట్టుకుని చెట్టు చుట్టూ పాడుతూ తిరుగుతారు. పాట రాకపోతే పెదాలు కదుపు. బహుమతులు ఒక్కొక్కటే తీస్తారు, ఎవరు ఎవరికి ఇచ్చారో చదివి, అందరూ చూస్తుండగా విప్పుతారు. నువ్విచ్చింది ఖరీదైతే వాళ్లు ఇబ్బంది పడతారు. కొండపల్లి బొమ్మ ఒకటి, పిల్లలకు చిన్న ఆటవస్తువు చాలు.

భోజనం ముగించి లేచేటప్పుడు వండినవాళ్లకు ‘తక్ ఫోర్ మాతెన్’ అనాలి. ‘అన్నానికి థ్యాంక్స్’ అని. ప్రతిసారీ, ప్రతి పూటా. లేచి నీ పళ్లెం నువ్వే తీసుకెళ్లు. ‘ఏమైనా సాయం చేయనా’ అని అడిగితే ‘వద్దులే’ అంటారు, వాళ్ల వద్దు కూడా నిజమైన వద్దే. అందుకే అలా అడగకు. ‘నేను గిన్నెలు తుడుస్తాను’ అను, తువ్వాలు అందిస్తారు. ఆ సింక్ దగ్గరే మాటలు కలుస్తాయి. పక్కన నిలబడి, ఎదురుగా ముఖం చూడాల్సిన పని లేకుండా, చేతుల్లో ఏదో పని ఉన్నప్పుడే వాళ్లు బాగా మాట్లాడతారు. నీ ప్రాజెక్టు గ్రూప్ పిల్లల గురించి ఆవిడను అప్పుడు అడుగు. నాకంటే బాగా చెబుతుంది.

27నో 28నో ఒక పూట వంట నీది అని ముందే చెప్పు. మూడు రోజుల మాంసం తర్వాత నిమ్మకాయ పులిహోర, పప్పు వాళ్లకు పండగే. కరివేపాకు, మినప్పప్పు ట్రోండ్‌హైమ్‌లోని ఆసియా దుకాణంలో కొనుక్కుని వెళ్లు. పచ్చిమిర్చి పక్కన పెట్టు. పల్లీలు వేసే ముందు ఎవరికైనా అలర్జీ ఉందేమో అడుగు. తిరిగొచ్చాక జనవరిలో వాళ్లకు రాసే మొదటి మెసేజ్‌లో ‘తక్ ఫోర్ సిస్ట్’ అని మొదలుపెట్టు. మొన్న కలిసిన దానికి కృతజ్ఞత అని దాని అర్థం. అదే మాట ప్రాజెక్టు గ్రూప్‌లో మొదటి మీటింగ్ రోజు కూడా వాడి చూడు.

మళ్లీ మీకు, సర్. పార్శిల్ పంపాలనిపిస్తుంది, తెలుసు. పాలు, మాంసంతో చేసినవి మన దేశం నుంచి నార్వేకు వెళ్లనివ్వరు. పాలకోవా కట్టకండి, ఆపేస్తారు. రైలు టికెట్ ఇప్పుడే కొనమనండి. ట్రోండ్‌హైమ్ నుంచి రోరోస్ రెండున్నర గంటలే గానీ పండగ ముందు రోజుల్లో సీట్లు దొరకవు, 24 మధ్యాహ్నం దాటాక రైళ్లు బాగా తగ్గిపోతాయి.

ఇంకొక్కటి. 24 రాత్రి ఫోన్ చేయకండి. అక్కడ సాయంత్రం ఐదంటే మీకు రాత్రి తొమ్మిదిన్నర, సరిగ్గా అప్పుడే వాళ్ల పండగ మొదలవుతుంది. 25న ఆ ఇంట్లో అందరూ ఆలస్యంగా లేస్తారు. మీ సాయంత్రం నాలుగున్నరకు, అంటే వాళ్ల మధ్యాహ్నం పన్నెండుకు వీడియో కాల్ చేయండి. నాయనమ్మ తప్పకుండా ఫోన్ ముందుకొస్తుంది. ‘గూ యూల్’ అనండి, మిగతాది అమ్మాయి చూసుకుంటుంది.