ఫ్యూజు మార్చేముందు ఇది చదువు, అమ్మలూ

అమ్మలూ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. పాత మోటార్‌హోమ్, అదే లోపల ఇల్లుండే బండి, కొన్నావట. ఇంజను చక్కగా స్టార్ట్ అవుతోందట, లోపల మాత్రం ఒక్క దీపమూ వెలగడం లేదట, నువ్వే బాగుచేసుకుంటానని పట్టుబట్టావట. "నువ్వైనా వద్దని చెప్పన్నయ్యా" అంది. చెప్పను. చిన్నప్పుడు నా పక్కన గొంతుక్కూచుని టార్చిలైటు పట్టుకున్న పిల్లవి నువ్వు. గర్వంగా ఉంది. మధ్యాహ్నం కునుకు మాత్రం పట్టలేదు.

ఇంజను బ్యాటరీ వేరు, లోపలి దీపాలూ పంపూ నడిపే ఇంటి బ్యాటరీ వేరు, గుర్తుంచుకో. బ్యాటరీ డిస్కనెక్ట్ స్విచ్చు ఎవరైనా ఆఫ్ చేశారేమో ముందు చూడు. బయటి కరెంటు ప్లగ్గు పీకేసి, ఇంటి బ్యాటరీని కాసేపు ఏమీ వాడకుండా ఉంచి మీటరుతో వోల్టులు కొలువు: లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12కి దిగితే దాదాపు ఖాళీ. ప్లగ్గు పెట్టాక 13.5 చుట్టుపక్కలకి ఎక్కకపోతే, బయటి కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే కన్వర్టరు చార్జి చేయడం లేదన్నమాట.

దీపాలూ పంపూ వేసి ఉంచి మళ్లీ కొలవాలి. తుప్పు పట్టిన తీగలో ఒక్క పోగు మిగిలినా, ఏమీ వేయనప్పుడు మీటరు 12 చూపిస్తుంది, దీపం మాత్రం వెలగదు. పాత బండిలో ముందుగా అనుమానించాల్సింది ఎర్త్ తీగనే, అంటే బ్యాటరీ నెగటివ్‌ని ఛాసిస్‌కి, బండి ఇనుప చట్రానికి, కలిపేదాన్ని. అన్నీ ఆన్‌లో పెట్టి మీటరు ఒక మొనని బ్యాటరీ నెగటివ్‌కీ, రెండోదాన్ని ఛాసిస్ మీద గీకి శుభ్రం చేసిన చోటా పెట్టు. అర వోల్టు కనిపించినా ఆ అతుకు పాడైనట్టే. విప్పి, ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ ఆఖరున. గాజులు, ఉంగరం తీసెయ్.

ఇక ఫ్యూజు సంగతి. ఇది నెమ్మదిగా చదువు.

మా మొదటి బండిలో వంటింటి దీపాలకి 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండేది. గతుకుల్లో పోయేది. ఆగి కొత్తది వేస్తే మళ్లీ వెలిగేది. అలా నాలుగు మార్చాను. ఐదోసారి డబ్బాలో 15వి అయిపోయాయి, 30ది ఒకటి ఉంది. వర్షం, చీకటి, వెనక పిల్లల ఏడుపు. అదే వేశాను. వెలిగాయి. మళ్లీ పోలేదు. రెండు రోజులు బాగుచేశాననే అనుకున్నాను, అమ్మలూ.

మూడో రాత్రి మీ అత్తయ్య నన్ను లేపి, ఏదో కాలిన వాసనొస్తోంది అంది. నేను "ఏం లేదు, పడుకో" అన్నాను. ఫ్యూజు సంగతికంటే ఆ మాటే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. తను వినలేదు. లేచి అలమర వెనక గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉంది. పిల్లల్ని దుప్పట్లతో సహా ఎత్తుకుని వానలోకి వెళ్లింది. నేను బ్యాటరీ టెర్మినల్ లాగేశాను.

తెల్లారాక చెక్క విప్పితే, రేకుకి ఉన్న రంధ్రంలోంచి పోయే తీగ కనిపించింది. దాని చుట్టూ ఉండాల్సిన రబ్బరు బుష్ ఎప్పుడో ఊడిపోయింది. కుదుపులకి రేకు అంచు తీగ తొడుగుని కోసేసింది. స్విచ్చుకి ముందే ఆ చోటు, అందుకే దీపాలార్పినా కరెంటు పారుతూనే ఉంది. మూర పొడవునా తొడుగు కరిగి, వెనక చెక్క నల్లబడింది. 15 ఫ్యూజు నాలుగుసార్లు చెప్పిన మాట అదే. ఫ్యూజు ఉన్నది తీగని కాపాడటానికి. తీగ ఎంత మోయగలదో దాన్నిబట్టి దాని అంకె ఉంటుంది.

కాబట్టి ఫ్యూజు పోతే అదే అంకెది ఒక్కసారి వెయ్యి. రెండోసారీ పోతే ఆ లైను మీదున్నవన్నీ విప్పేసి, ఒక్కొక్కటే కలుపుతూ చూడు. ఏమీ కలపకపోయినా పోతోందంటే తప్పు తీగలో ఉంది. రేకులోంచి దూరే ప్రతిచోటా వేళ్లతో తడుము, బ్యాటరీ విప్పాక. తొందరపడి 30ది వేశావని తెలిస్తే, నువ్వెంత పెద్దదానివైనా నాతో చీవాట్లు తప్పవు.

బయటి కరెంటు వైపు నువ్వు తాకొద్దు. ప్లగ్గు కాళ్లు నల్లబడ్డాయా, బ్రేకరు పడిపోయిందా చూడటం వరకే. మిగతాది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. చాలా బండ్లలో గ్యాస్ అలారం కూడా ఆ 12 వోల్టుల మీదే నడుస్తుంది. లోపల కరెంటు లేనన్నాళ్లూ నీకు కాపలా లేనట్టే. గ్యాసు సిలిండరు వాల్వు మూసెయ్, రాత్రి అందులో పడుకోకు. సొంత బ్యాటరీతో పనిచేసే పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఈరోజే తగిలించు.

కొలిచిన అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. దీపాలార్పి ఉన్నప్పటివి ఒకవైపు, వేసి ఉన్నప్పటివి ఇంకోవైపు. అర్ధరాత్రయినా ఫోన్ చెయ్, ఎత్తుతాను. మీ అత్తయ్య పక్కనే కూచుని, వాసన గురించి రాశారా అని రెండుసార్లు అడిగింది. రాశానని చెప్పాను.

మీ మావయ్య