ఆ ఒక్క లైను ఎందుకు పారేసుకున్నావ్

అమ్మాయ్,

వియత్నాం వెళ్ళొచ్చి రాసిన నీ హనోయ్ వ్యాసం నిన్న రాత్రి చదివా, పొద్దున్నే మళ్ళీ చదివా, రెండోసారి ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. వాక్యం బాగా రాస్తావు, ఆ సంగతి నీకూ తెలుసు, వదిలెయ్.

మూడో పేజీలో ఒక లైనుంది. ఫ్రెండ్ వాళ్ళింట్లో రాత్రి అందరూ కింద కూర్చున్నారు, నువ్వు ఆకలి మీదున్నావు, గబుక్కున ఓ ముక్క నోట్లో వేసేసుకున్నావు, అప్పుడు వాళ్ళ బుడ్డోడు బామ్మ వైపు తిరిగి "చాఉ మొయ్ బా" అన్నాడు. నీకు మన "చావు" వినపడి గుండె జారింది. తీరా చూస్తే చాఉ అంటే మనవడట, మొయ్ అంటే తినమని పిలవడం, బా అంటే బామ్మ, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని తినమని పిలిచాకే అక్కడ చెయ్యి కదలాలి. నోట్లో ముక్క నమలాలో మింగాలో తెలీకుండా కూర్చున్నావే, అదీ కథ! దాన్ని ఒక్క లైన్లో తేల్చేసి ఎగ్ కాఫీ దగ్గరకి పరిగెత్తావు. 1946లో పాలు దొరక్క ఒక బార్‌టెండర్ గుడ్డు సొన గిలక్కొట్టి కాఫీ మీద వేశాడని పేజీన్నర. నిజమే, కానీ హనోయ్ వెళ్ళిన ప్రతివాడూ అదే రాస్తాడు. 2016లో ఒబామా ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని బున్ చా, అదే కాల్చిన పంది మాంసంతో సేమ్యా, తిన్న ముచ్చటా అంతే. నిన్ను భోజనానికి పిలిచింది ఒబామా కాదుగా, ఆ బామ్మ.

ఇంతకీ ఆవిడ ఏం చేసింది? నవ్విందా, చూడనట్టు ఊరుకుందా? తూటికూర ఉడికించిన నీళ్ళలో నిమ్మకాయ పిండి చారులా తాగుతారని రాశావు, చాలా బావుంది, మరి ఆ నిమ్మకాయ పిండింది ఎవరు? గిన్నెలు కడగడానికి నువ్వు లేస్తే ఎవరు కూర్చోబెట్టారు, అసలు లేచావా? నా గోల ఒక్కటే, ఒకరింట్లో తిన్నవాళ్ళు తమ సిగ్గు రాయాలి. రుచి ఎవడైనా రాస్తాడు. "అద్భుతం" తొమ్మిదిసార్లు లెక్కపెట్టా.

చాలా ఏళ్ళ కిందట జపాన్‌లో, ఒసాకాలో ఫ్రెండ్ వాళ్ళింట్లో పన్నెండు రోజులున్నా. రెండో రోజో మూడో రోజో చాప్‌స్టిక్స్ అన్నంలో నిటారుగా గుచ్చేసి నీళ్ళ గ్లాసు అందుకోబోయా. వాళ్ళమ్మ ఏమీ అనలేదు, మెల్లిగా వాటిని పైకి తీసి, తుడిచి, గిన్నె ముందు అడ్డంగా పెట్టింది. పోయినవాళ్ళకి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారని మర్నాడు ట్రైన్లో వాడు చెబితే గానీ తెలీలేదు. ఆ రాత్రి నుంచి నా గిన్నె పక్కన ఒక స్పూన్ కూడా ఉండేది, వెళ్ళేదాకా ఉంది, దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే రాసి ఒక వారపత్రికకి పంపితే ఆ ఎడిటర్ మహాశయుడు స్పూన్ పేరా కోసేసి ఆ చోట్లో టకొయాకి (ఆక్టోపస్ ముక్కల బోండాలు) తయారుచేయు విధానం, ఒసాకా కోట ఫోటో వేశాడు. పారితోషికం ఎగ్గొట్టారు, దానికీ ఏడవలేదు, స్పూన్‌కే ఏడ్చా. ఇప్పుడు ఎడిటర్లతో కూడా పన్లేదు, రీల్స్ పుణ్యమా అని మీ స్పూన్లు మీరే కోసేసుకుంటున్నారు.

పుస్తకం వెయ్యొచ్చా, ఫోటోలు పెట్టాలా, ఇంకా ఏవో అడిగావు, ఆ కాగితం ఎక్కడో పెట్టా, దొరకలేదు. వ్యాసం తిరగరాసి తర్వాత పంపినా పర్లేదు, ముందు ఆ బామ్మ ఏం చేసిందో రాయి.