తుపాను కబురు రాకముందే

శ్రీకాకుళం
శ్రావణ మాసం

చి.ల.సౌ. అమ్మలుకి పెద్దమ్మ దీవెనలు.

విశాఖ మధురవాడలో ఇల్లు కుదిరిందనీ, మీ అత్తగారు కూడా మీ దగ్గరే ఉంటారనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. హైదరాబాదులో పుట్టి పెరిగినదానివి, సముద్రం పక్కన కాపురం నీకు కొత్త. ఈ తీరానికి ఆశ్వయుజం, కార్తీకం తుపాన్ల నెలలు. ఇంకా సమయం ఉంది కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు. కాగితం అయితే వంటింటి అలమర తలుపు లోపల అంటించుకోవచ్చు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. తుపాను కబురు వచ్చిన రోజున నువ్వు బజారుకు వెళ్లాల్సిన పని ఉండకూడదు. ఆ రోజు కొట్టు ముందు నిలబడేవాళ్లలో ఎక్కువమంది రోజు కూలి మీద బతికేవాళ్లు. సాయంత్రం చేతికొచ్చిన డబ్బుతో రేపటికి కావలసినవి కొనుక్కునేవాళ్లు. నెల జీతం వచ్చేవాళ్లం మనం ఆ పూటే వెళ్లి పాతిక కిలోల బస్తా, పది పాల ప్యాకెట్లు ఎత్తుకొచ్చామంటే, వాళ్ల వంతుకు ఖాళీ అరలు మిగులుతాయి. కొనే స్తోమత ఉన్నవాళ్లు ముందే కొనిపెట్టుకోవాలి, ఆ రోజు అంగడిని లేనివాళ్లకు వదిలేయాలి. సామాను దాచుకోవడం స్వార్థమని కొందరంటారు. ముందుగా దాచుకోవడం స్వార్థం కాదు తల్లీ, చివరి గంటలో ఎగబడటం స్వార్థం.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. చాలా ఊళ్లకు సరైన కబురే అందలేదు. ఇప్పుడు అలా కాదు. వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతోంది, పల్లపు ఊళ్లను ఖాళీ చేయిస్తున్నారు, ప్రాణాలు దక్కుతున్నాయి. కానీ గాలి వెళ్లిపోయాక వచ్చే వారం, పది రోజులు మాత్రం ఇప్పటికీ ఇంటి ఇల్లాలి మీదే పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. అప్పుడు మేం సీతమ్మధారలో ఉండేవాళ్లం. గాలి ఒక్క రోజులో పోయింది. కరెంటు, కుళాయి నీళ్లు, ఫోను సిగ్నలు రోజుల తరబడి రాలేదు. పెట్రోలు బంకుల దగ్గర బారులు, పాలు దొరకడం గగనం, ఏటీఎంలు పనిచేయలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లాలో ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, పల్లెలు చీకట్లో మగ్గాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగితే, డ్రోన్లతో అన్నం పొట్లాలు దించాల్సి వచ్చింది. అది మనలాంటి అపార్టుమెంట్లున్న పట్నమే. ప్రభుత్వం రాదని నేననను, వస్తుంది. వచ్చేదాకా ఇల్లు నడవాలి, అంతే.

నీ వంటింట్లో పది రోజుల తిండి ఎప్పుడూ ఉండాలి. దానికోసం వేరే పెట్టె సర్ది అటక మీద పెట్టకు. అలా పెట్టినది మూడేళ్ల తర్వాత పురుగు పట్టి బయటపడుతుంది. రోజూ వండుకునేవే కాస్త ఎక్కువ ఉంచుకో. కొత్తది తెచ్చినప్పుడు వెనక్కి పెట్టు, పాతది ముందుకు లాగి వాడు. మీరు నలుగురు, అందులో ఒకరు చంటిది. పది రోజులకు పన్నెండు కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు, కిలో పెసరపప్పు, రెండు లీటర్ల నూనె సరిపోతాయి. ఈ మట్టం కన్నా కిందికి దిగనివ్వకు. బియ్యం డబ్బాలో గీత గీసుకో, గీత కనబడితే తెచ్చుకో.

కరెంటు లేకపోయినా, గ్యాసు పొదుపు చేయాల్సి వచ్చినా తినగలిగేవి కొన్ని ఉండాలి. అటుకులు, మరమరాలు, వేయించిన వేరుశెనగలు, బెల్లం, సున్నుండలు, పాలపొడి. అటుకుల్లో కాసిని నీళ్లు చల్లి బెల్లం, కొబ్బరి కలిపితే పిల్లకు ఒక పూట గడిచిపోతుంది. చోళ్లు, అంటే మీ వైపు రాగులు, తప్పకుండా ఉంచు. మా వైపు చోడి అంబలి తాగని ఇల్లుండేది కాదు. గింజ చిన్నది కాబట్టి పురుగు అంత తేలిగ్గా పట్టదు, ఏళ్లు నిలవ ఉంటుంది. కరువు రోజుల్లో జనాన్ని కాపాడిన గింజ అది. పిండి పట్టించి దాచకు, గింజగానే దాచు. ఏ ధాన్యమైనా పిండి కన్నా గింజే నిలవ ఉంటుంది. దంపుడు బియ్యం ఆరోగ్యమే, కానీ పైపొర తవుడులో నూనె ఉంటుంది కాబట్టి తొందరగా ముక్క వాసన వేస్తుంది. అది వారానికి సరిపడా కొను, నిలవకు మామూలు పాత బియ్యం పెట్టు.

నిలవ చెడేది ముఖ్యంగా తేమ వల్ల. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, హైదరాబాదు అలవాట్లు ఇక్కడ పనికిరావు. బియ్యాన్ని ఎర్రటి ఎండలో పోయకు, గింజ పగిలి నూకవుతుంది. నీడపట్టున గుడ్డ మీద ఆరబెట్టు. పప్పులు మాత్రం మంచి ఎండలో పెట్టి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. కందిపప్పుకు కిలోకు ఒక చెంచా ఆముదం రాసి పెట్టు, వండే ముందు కడిగేసుకోవచ్చు. బియ్యంలో నీడన ఎండిన వేపాకు గుడ్డలో కట్టి వెయ్యి, నాలుగు ఎండుమిరపకాయలు వేసినా మంచిదే. ఉప్మారవ్వ దోరగా వేయించి దాచు. బస్తాను నేల మీద, గోడకు ఆనించి పెట్టకు, చెక్కపలక మీద పెట్టు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను. పురుగు పడకుండా బోరిక్ పౌడరు కలిపిన బియ్యం ఇంట్లోకి రానివ్వకు, చంటిపిల్ల తినే అన్నం అది. గోదాముల్లో ధాన్యానికి వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు కూడా కొందరు ఇళ్లలో వాడతారు. వాటినుంచి వచ్చే గ్యాసు మనుషుల్ని చంపుతుంది. మూసిన గదిలో నిద్రలోనే ప్రాణాలు పోతాయి. ఎవరు ఎంత మంచిగా చెప్పినా అవి నీ గడప దాటి లోపలికి రాకూడదు. ముక్కుపురుగు పడితే చెరిగి, ఆరబోసుకోవచ్చు, పోయేదేమీ లేదు.

వేసవి పనులు ఈ ఏడాదికి దాటిపోయాయి. వచ్చే ఏడు నా దగ్గరికి రా, చూపిస్తాను. మాఘ ఫాల్గుణాల్లో కొత్త చింతపండు వస్తుంది. గింజ, ఈనెలు తీసి, ఎండబెట్టి, కాస్త ఉప్పు అద్ది జాడీలో అదిమితే ఏడాదంతా నల్లబడినా చెడదు. మిరపకాయలూ అప్పుడే. వైశాఖంలో ఆవకాయ, ఎండలు ముదిరాక వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు. కూరగాయల బండి వారం రోజులు రాకపోయినా కందిపొడి, ఆవకాయ, చారు, వడియం ఉంటే ఇంట్లో ఎవరూ ముఖం చిన్నబుచ్చుకోరు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టవద్దు, ముక్క మీద నూనె తేలుతూ ఉండాలి. ఇవన్నీ మన పెద్దవాళ్లు రుచి కోసమే చేశారనుకోకు. పంట చేతికొచ్చినప్పుడు చవకగా కొని, ఎండ ఉన్నప్పుడు ఎండబెట్టి, వాన రోజులు దాటించడానికి చేశారు. పది నిమిషాల్లో సామాను ఇంటికి తెచ్చే యాప్‌లు వచ్చాక ఇదంతా చాదస్తంలా కనిపిస్తోంది. ఆ సామాను తెచ్చే అబ్బాయి కూడా తుపాను రోజున తన ఇంట్లోవాళ్లను చూసుకోవాలిగా.

తిండి కన్నా ముందు నీళ్లు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే మూడో అంతస్తులో చుక్క నీరు రాదు. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్కవేసుకో. మీ నలుగురికి అయిదు రోజులకు ఎనభై లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు. ఇవి ఎప్పుడూ ఉండాలి, వాడి నింపుతూ ఉండాలి. హెచ్చరిక రాగానే బిందెలు, బకెట్లు, వాషింగ్ మెషీన్ తొట్టితో సహా నింపెయ్యి, ఆ నీళ్లు బాత్రూముకు పనికొస్తాయి. తుపాను తర్వాత వచ్చే కుళాయి నీళ్లను నమ్మకు. మురుగు కలిసి ఉంటుంది. నీళ్లు బురదగా ఉంటే పాత నేత చీర నాలుగు మడతలు వేసి వడకట్టు. మా అమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది, మట్టి అడుక్కి దిగేది. కానీ చిల్లగింజ మట్టిని దించుతుంది గానీ రోగాన్ని చంపదు. తేట నీళ్లు కళపెళ ఉడికించి, ఆ ఉడుకు మీద ఒక నిమిషం ఉంచి దించాలి. గ్యాసు చాలకపోతే క్లోరిన్ బిళ్లలు. అట్ట మీద రాసినంతే వేసి, అరగంట ఆగి తాగాలి. పిల్లకు విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, కొలత తప్పకుండా కలిపి కొంచెం కొంచెంగా పట్టు. ఓఆర్ఎస్ పొట్లాలుంటే ఇంకా మంచిది, ఒక డజను తెచ్చిపెట్టుకో.

మీ అత్తగారికి షుగరు ఉంది కదా. ఆవిడ మాత్రలు ఎప్పుడూ రెండు వారాలకు సరిపడా ముందుండాలి. ఇన్సులిన్ విషయం నీ మనసులో పెట్టుకో. ఫ్రిజ్ పనిచేయనప్పుడు కొత్త కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత కూర్చోబెట్టి, సీసాను తడి తగలకుండా కవరులో చుట్టి అందులో పెట్టి, గాలి తగిలే నీడలో ఉంచు. ఇసుక ఆరిపోకుండా నీళ్లు చల్లు. వాడుకలో ఉన్న సీసా ఫ్రిజ్ బయట ఎన్నాళ్లు పనికొస్తుందో రకాన్ని బట్టి మారుతుంది. ఈసారి చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారిని అడిగి, ఈ కాగితం మీదే రాసుకో.

ఫ్రిజ్ మాటకొస్తే, కరెంటు పోయాక తలుపు తీయకపోతే నాలుగు గంటలదాకా చల్లదనం నిలుస్తుంది. ఆ తర్వాత పాలు, వండిన కూరలు ముందు వాడేసెయ్యి. అనుమానంగా ఉన్నది పారేయి, ఆ రోజుల్లో ఆసుపత్రికి వెళ్లడం అన్నిటికన్నా కష్టం.

రెండో సిలిండరు ఎప్పుడూ నిండుగా ఉండాలి. బొగ్గుల కుంపటి గానీ, జనరేటరు గానీ తలుపులు మూసిన ఇంట్లో వెలిగించవద్దు, ఆ పొగలోని విషం వాసన కూడా రాదు. పది, యాభై, వంద నోట్లు కలిపి అయిదు వేల రూపాయలు ఒక డబ్బాలో పెట్టు. సిగ్నలు లేనప్పుడు ఫోనులో ఉన్న డబ్బు డబ్బు కాదు. ఆధార్, రేషను కార్డు, ఇంటి అగ్రిమెంటు, ఇన్సూరెన్స్ కాగితాలు జిప్ కవరులో ఒకచోట. చిన్న ట్రాన్సిస్టరు, బ్యాటరీలు, పవర్ బ్యాంకు, టార్చి. 108, 112, విపత్తు నిర్వహణ వాళ్ల 1070, మన బంధువుల నంబర్లు కాగితం మీద రాసి పెట్టు. ఇప్పుడు ఎవరికీ ఒక్క నంబరూ నోటికి రాదు.

గాలి మొదలయ్యాక గ్యాసు రెగ్యులేటరు కట్టేసి, బాల్కనీ కుండీలు లోపల పెట్టి, అద్దాలు లేని లోపలి గదిలో అందరూ ఒక్కచోట ఉండండి. హుద్‌హుద్ రోజున తుపాను కన్ను ఊరి మీదుగా వెళ్లింది. హోరు ఒక్కసారిగా ఆగిపోయింది, అయిపోయిందని జనం బయటికొచ్చారు. తర్వాత గాలి ఎదురు దిక్కునుంచి మళ్లీ కొట్టింది. అల్లుడికి ఇది మరీమరీ చెప్పు. కారెలా ఉందో చూసొస్తానని కిందికి దిగే రకం మగవాళ్లు. రేడియోలో అయిపోయిందని చెప్పేదాకా గడప దాటొద్దు. తెల్లారాక కూడా తెగిపడిన తీగలున్న నీళ్లలో కాలు పెట్టొద్దు.

మీ అపార్టుమెంటులో కింది గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది కదా. నీళ్లొస్తే ముందు మునిగేది వాళ్ల గదే. నీ లెక్కలో వాళ్ల తిండి కూడా కలుపుకో, ఇంకో అయిదు కిలోల బియ్యం, కిలో పప్పు పెద్ద భారం కాదు. హెచ్చరిక వచ్చిన సాయంత్రమే పిల్లల్ని తీసుకుని పైకి రమ్మని ముందే చెప్పిపెట్టు. అప్పటికప్పుడు పిలిస్తే మొహమాటపడి రారు.

ఈ నెల జీతంలో క్యాన్లు, చోళ్లు, ఓఆర్ఎస్ కొను. వచ్చే నెల మిగతావి. అన్నీ ఒక్కసారే కొని చేయి ఖాళీ చేసుకోకు. వినాయక చవితి వెళ్లాక నేనొస్తాను, చింతపండు, ఒక జాడీ ఆవకాయ, వడియాలు తెస్తాను. డబ్బాలు కడిగి ఎండలో బాగా ఆరబెట్టి ఉంచు. పిల్లకు ముద్దులు, మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ